కలివికోడియు అడవివారును

సంగమునుండి ఆత్మకూరు, ఉదయగిరుల మీదుగా పడమరకు బోయిన వెలిగొండలు ఎదురగును. ఆవల కడప సీమ. ఈ ప్రాంతపు పొదలలోని కలివికోడిని, నెల్లూరున వైద్యాధికారిగా నుండిన జెర్డన్ దొర మూలమున 1848లో పండితలోక మెఱింగెను. 1900 తరువాత అది కానరాదయ్యెను. నశించినదనియే పెద్దలు తలంచిరి. రాత్రి తిరుగు పక్షిని పగటివేళ వెదకిన దొరకునా!

1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లె చేరువ అది మరల దొరకెను. పట్టి తెచ్చినవాడు బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘపు శాస్త్రజ్ఞుడు కాడు. పొదపొద నెఱిగిన యొక పల్లెటూరి వేటకాడు. 1988లో అచట లంకమల్లేశ్వర అభయారణ్యమును, 1997లో వెలిగొండలలో పెనుశిల నరసింహ అభయారణ్యమును వెలసినవి.

పక్షిని కాపాడవలదని మే మనము. కాని యా వేటకాని విద్యనే 1972 నాటి వన్యప్రాణి శాసనము నేరముగా నెంచుచున్నది. తేనె, గడ్డలు, ఉడుములతో బ్రతికిన మన యానాదులకు 1882 నాటి మద్రాసు అటవీ శాసనమే హద్దురాళ్లు నాటెను. ఇపుడు అనుమతి లేక అభయారణ్యమున అడుగిడుటయు తప్పే. అభయ మెవరికో!

2006 నాటి అటవీ హక్కుల చట్టము కొంత దారి చూపినది. కాగితములు లేనిచో పెద్దల వాఙ్మూలమును గూడ సాక్ష్యముగా గొనవచ్చునట. అయితే చెఱువుకట్టలపై కాపురముండు యానాది అధికారి యెదుట నోరు మెదపునా? చదువుకొన్నవా రొకరు ప్రక్కన గూర్చుండి, అతడు చెప్పినది చెప్పినట్లు వ్రాసిపెట్టవలెను. ఆ పని ఆత్మకూరున మన యింటివారే చేయవచ్చును.