ఇంటి కుండయు, సర్కారు గుత్తయు



నేటి నా ప్రసంగమునకు విషయము మద్యము. ఈ మాట వినగనే పెద్దలు కొందఱు ముఖము చిట్లింపవచ్చును. మద్యమును పొగడుటకు నేను పూనుకొనలేదు. ఒకప్పుడు గృహస్థుని కుండలో పండుగకై తయారైన పానము, రాజుగారి బొక్కసమునకు సరకెట్లయ్యెనో, అందువలన మన కరీంనగరము, ఆదిలాబాదు సీమలకు ఏమి వాటిల్లెనో విచారించుటయే నా యుద్దేశము.

మన ఉత్తర తెలంగాణపు అడవులలో ఇప్పచెట్టు గిరిజనులకు కల్పవృక్షము. ఫాల్గుణ చైత్రములందు తెల్లవారుజామున పూలు రాలును. స్త్రీలును పిల్లలును చెట్టుక్రింద నేలను శుభ్రపఱచి, పూలను బుట్టల కెత్తి ఎండబెట్టుదురు. ఎండిన పూవు తూకములో సగమునకు మించి చక్కెరయే యుండును. కఱవునాడు ఆ పూవునే వండుకొని ప్రాణములు నిలుపుకొనిరి. గింజలనుండి నూనె తీసిరి. ఆ పూలను నీట నానవేసినచో కొలది దినములకే పులిసి నురుగెత్తును. అంతవఱకు అది దొరలు త్రాగెడి బీరువంటిదే. పులిసినదానిని పొయ్యిమీద కాచి, ఆవిరిని చల్లార్చి పట్టినప్పుడే ఇప్పసారా యగును. దానివలన మత్తు అనేక రెట్లు హెచ్చును.

గోండులకు ఇది కేవలము త్రాగుడు వస్తువు కాదు. పెర్సపెన్ పూజలో, పెండ్లిలో, మృతుల కర్మలో దేవతలకును పితరులకును సారా ధారవోయుట వారి ఆచారము. వియన్నాలో జన్మించిన హైమెన్‌డార్ఫు పండితుడు 1940 తరువాతి సంవత్సరములలో మార్లవాయి గ్రామమున నివసించి, ఈ ఆచారములను గ్రంథస్థము చేసెను. పూజ ఎప్పుడో పెద్దలు నిర్ణయింతురు. పూవు ఎప్పుడో ప్రకృతి నిర్ణయించును. ఇంటి కుండకు ఈ రెండును కట్టుబాట్లు.

రాజు చేయి ఈ కుండమీద పడుట నిన్న నేటి మాట కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రములో సురాధ్యక్షుడను అధికారికి ప్రత్యేకముగా ఒక అధ్యాయమే కలదు. అనుమతించిన చోటుల కాక అన్యత్ర మద్యమును చేసినవారికిని, కొన్నవారికిని, అమ్మినవారికిని 600 పణముల దండన విధింపబడెను. మేదకమను బియ్యపు పానమునకు కొలతలుకూడ అందు చెప్పబడినవి: 16 పాళ్ల నీటికి 2 పాళ్ల బియ్యము, 3 పాళ్ల కిణ్వము. కిణ్వమనగా పులియబెట్టెడి ముద్ద. ఇంత కఠినుడైన కౌటిల్యుడును ఒక ద్వారమును తెఱచియుంచెను. కుటుంబులు శుభకార్యములందు శ్వేతసురను, ఔషధార్థము అరిష్టమును ఇంట చేసికొనవచ్చునని సెలవిచ్చెను. ఉత్సవములకును జాతరలకును నాలుగు దినముల అనుమతి నిచ్చెను. బొక్కసము వేఱు, గృహస్థుని కార్యము వేఱు అను వివేకము అందు కనబడుచున్నది.

నిజాము రాజ్యమున ఈ వివేకము సన్నగిల్లెను. ఆబ్కారి రాబడి సర్కారునకు ప్రధానాధారములలో నొకటి యయ్యెను. 1316 ఫసలీలో, అనగా 1906-07లో, వెలువడిన ఆబ్కారి చట్టమువలన అనుమతి లేక సారా కాచుట నేరమయ్యెను. మైదానమున తాటిచెట్టునకును ఈతచెట్టునకును పన్ను కట్టనిదే గౌండ్లవారు మోకు తగిలింపరాదు. వేలములో హెచ్చు పాట పాడిన గుత్తదారునకే అమ్మకపు హక్కు దక్కెను.

ఇచట సూక్ష్మమొకటి గమనింపుడు. గుత్తదారుడు తాను పాడిన సొమ్మును రాబట్టుకొనవలెను. అతనికి ఏటికి నాలుగు పండుగలు చాలవు. దినదినము పండుగ కావలెను. కుండకున్న కట్టుబాటు దుకాణమునకు లేదు. పూవు రాలని నెలలలో సైతము దుకాణము మూతపడదు. చేతిలో పైకము లేకున్న అప్పు పుట్టును. త్రాగుడు తగ్గినచో సర్కారు రాబడియు తగ్గును గనుక, తగ్గించుటకు ఉత్సాహపడువారెవరు?

1940లో జోడేఘాటు కొండలలో కుమురం భీము ప్రాణములొడ్డి పోరాడుటకు ముఖ్యకారణము పోడుభూమి, అడవి. ఐనను చెట్టును మూట కట్టుకొనిన చేతియొక్క మఱియొక వ్రేలే ఆబ్కారి. 1947-48 నాటి ఉద్యమములో ప్రజలు తెలంగాణమున తాటి, ఈత చెట్లను నఱికి నిజాము రాబడిని దెబ్బతీయ జూచిరి. రాజుమీది కోపమునకు చెట్టు బలియయ్యెను. చెట్టునే నమ్ముకొనిన గౌండ్లవాని జీవనమును దానితో కూలెను.

ఇక ఇంగ్లండు సంగతి చూడుడు. అచటను 1880 నాటి శాసనముచే ఇంట బీరు చేసికొనువారు లైసెన్సు పొందవలసియుండెను. 1963లో ఆ నిర్బంధము తొలగెను. ఇప్పుడు అంగడిలో ఒక డబ్బా కొనవచ్చును. అందులో మొలకెత్తించిన యవల కషాయము తేనెపాకమువలె చిక్కగానుండును. హాప్సు అను తీగపూల చేదు అందు చేరియుండును. దానిని వేడినీట కరగించి, చక్కెర చేర్చి, చన్నీటితో సుమారు 23 లీటర్లు చేసి, చల్లారిన పిమ్మట ఈస్టు అను కిణ్వమును చల్లుదురు. వారము పదిదినములకు పులియును. సీసాలలో మఱి రెండు వారములుంచగా బంగారువన్నె బీరు సిద్ధమగును. అమ్మరాదు, ఆవిరి పట్టి సారాగా కాచరాదు అనునవే వారికి హద్దులు. కౌటిల్యుడు తెఱచియుంచిన ద్వారము దూరదేశమున మరల తెఱువబడినట్లయినది.

మన దేశమునకు వత్తము. 1968లో ఎక్సైజు చట్టము వచ్చెను. గుత్తల పాటలు నిలువలేదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాపై తిరుగబడగా, 1993 అక్టోబరు 1వ తేదీనుండి సారా నిషిద్ధమయ్యెను. 1995లో సంపూర్ణ మద్యనిషేధము విధింపబడి, 1997లో సడలెను. ఇప్పపూవు స్థానమున బెల్లముతో కాచిన గుడుంబా పల్లెలను పట్టి పీడించెను. ఇంట కాచినదెల్ల మంచిదని నేననను. విక్రయమునకై చాటుగా కాచినది దుకాణపు సారాకు తోబుట్టువే. దానికి పండుగయు లేదు, పెద్దల మాటయు లేదు.

1996 నాటి పెసా చట్టము షెడ్యూల్డు ప్రాంతములలో మత్తుపదార్థముల అమ్మకమును, వాడుకను నిషేధించుటకో, నియమించుటకో గ్రామసభకు అధికార మిచ్చినది. చిన్నతరహా అటవీఫలసాయముపై యాజమాన్యమును ఇచ్చినది. 2011లో దానికి నియమావళియు ఏర్పడెను. నేడు ఉట్నూరు ప్రాంతమున ఆదివాసి స్త్రీలు అదే ఇప్పపూవుతో లడ్డులు చేసి అమ్ముచున్నారు. చెట్టు మారలేదు, చెట్టుపై నిర్ణయము ఎవరిదను విషయమే మారినది.

కావున పెద్దలారా! ఏజెన్సీ గ్రామములలో గ్రామసభ కూడిన దినమున దుకాణపు మాట తప్పక ఎత్తుడు. తక్కిన గ్రామములవారు సైతము, తమ యూర దుకాణమువలన ఏ యింట ధాన్యము తఱిగినదో లెక్క చూచుకొనుడు. పూర్వము కుండకు కట్టుబాటు పెట్టినవారు మీవంటి పెద్దలే. ఆ పెద్దఱికమును బొక్కసమునకు గుత్తకిచ్చుట మాత్రము తగదు.