ఉత్తరం డబ్లిన్‌లో, తాళంచెవి రెడ్‌మండ్‌లో

మా ఊరి పోస్ట్‌మాన్‌కి అందరి ఉత్తరాలూ తెలుసు. చదువు రానివాళ్ళకి ఆయనే చదివి పెట్టేవాడు మరి. అయినా ఈ ఇంటి సంగతి ఆ ఇంట్లో చెప్పేవాడు కాదు. పోలీసులొచ్చి ఫలానావాళ్ళ ఉత్తరం ఇమ్మంటే ఏం చేసేవాడో అప్పట్లో నాకు తట్టని ప్రశ్న.

ఆ ప్రశ్న 2015లో, సియాటిల్ దగ్గర నేను పనిచేసిన ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో, నా బల్ల మీదకే వచ్చింది. ఫలానా ఖాతా, ఫలానా తేదీల మధ్య ఉన్న డేటా తీసి లాయర్లకి ఇవ్వాలి. కింద ఇంకొక వాక్యం: ఈ సంగతి ఖాతాదారుకి చెప్పకూడదు. అరగంట పని. తీసి ఇచ్చేశాను. కానీ ఆ పేరు నన్ను వదల్లేదు. అసలు ఈ పద్ధతి ఎక్కడ మొదలైందో చదవడం మొదలుపెట్టాను.

అమెరికాలో దీనికి మూలం 1986 నాటి చట్టం. అప్పటికి ఈమెయిల్ వాడేవాళ్ళే తక్కువ. డిస్కులు ఖరీదు. వచ్చిన మెయిల్‌ని మన కంప్యూటర్‌లోకి దింపుకుని సర్వర్ మీద తీసేయడం అలవాటు. అందుకే 180 రోజులు దాటి సర్వర్ మీద ఉన్న మెయిల్‌ని వదిలేసిన సామానులా చూసింది ఆ చట్టం. దానికి వారంట్ అక్కర్లేదంది. మిగతా వాటికి మెట్లు పెట్టింది. ఖాతాదారు పేరు, బిల్లుల వివరాలు కావాలంటే సబ్‌పీనా చాలు, దానికి జడ్జి సంతకం అవసరం లేదు. ఎవరికి ఎప్పుడు మెయిల్ రాశాడో కావాలంటే కోర్టు ఆర్డరు. లోపల ఏం రాశాడో కావాలంటే వారంట్. 2010లో ఒక అపీళ్ళ కోర్టు, పాత మెయిలైనా కొత్త మెయిలైనా లోపలి మాటలకి వారంట్ ఉండాల్సిందేనని తీర్పు చెప్పింది. ఆ తరవాత పెద్ద కంపెనీలన్నీ అదే పట్టుకున్నాయి.

కంపెనీ లాయర్లు చేసేది కూడా ముందుగా ఇదే. వచ్చిన కాగితం ఏ రకం, అడిగినదానికి అది సరిపోతుందా, అవసరానికి మించి అడుగుతున్నారా అని చూస్తారు. ఎక్కువ అడిగితే వెనక్కి పంపి తగ్గించమంటారు. కోర్టు వద్దనకపోతే ఖాతాదారుకి కబురు చేస్తారు. ఆ తరవాతే ఇస్తారు.

ఈ మెట్లన్నీ సరిగ్గా ఎక్కి వచ్చిన వారంటే ఒకటి పెద్ద తగాదా అయింది. 2013 డిసెంబరులో న్యూయార్క్‌లో ఒక మేజిస్ట్రేట్ జడ్జి, మాదకద్రవ్యాల కేసులో ఒక ఈమెయిల్ ఖాతా కోసం మైక్రోసాఫ్ట్‌కి వారంట్ ఇచ్చాడు. పేరు, చిరునామాల పుస్తకం లాంటివి అమెరికాలోనే ఉన్నాయి, ఇచ్చేశారు. మెయిళ్ళు మాత్రం ఐర్లండులో, డబ్లిన్ డేటా సెంటర్‌లో ఉన్నాయి. అమెరికా జడ్జి వారంట్ ఐర్లండులో చెల్లదు, ఇవ్వం అంది కంపెనీ.

ఆ వారంట్ వచ్చిన రెండు నెలలకే మన హైదరాబాదు సత్య నాదెళ్ళ ఆ కంపెనీకి అధిపతి అయ్యారు. కేసు ఆయన మొదలుపెట్టింది కాదు గానీ, చివరిదాకా నడిచింది మాత్రం ఆయన హయాంలోనే.

ప్రభుత్వం వాదన కొట్టిపారేసేది కాదు. రెడ్‌మండ్‌లో కుర్చీలోంచి లేవకుండా ఆ మెయిళ్ళు తెరవగలిగినప్పుడు, అవి ఏ దేశపు డిస్కు మీద ఉంటే ఏమిటి? పైగా అవి డబ్లిన్ చేరడానికి కారణం, ఖాతా తెరిచేటప్పుడు ఆ మనిషి ఎంచుకున్న దేశం పేరు. అది నిజమో కాదో ఎవరూ చూడలేదు. అబద్ధం చెప్పిన దొంగకి సముద్రం అడ్డమా? దానికి కంపెనీ జవాబు: రేపు ఇంకో దేశపు పోలీసులు ఇదే మాటతో అమెరికాలో ఉన్న ఉత్తరాలు అడిగితే? ఒప్పందం ఉంది, మమ్మల్ని అడగండి, పరిశీలిస్తాం అని ఐర్లండు ప్రభుత్వం కూడా కోర్టుకి రాసింది.

2014లో కింది కోర్టుల్లో మైక్రోసాఫ్ట్ రెండుసార్లు ఓడింది. అపీలుకి వెళ్ళడం కోసం కోర్టు ధిక్కారం ముద్రకి తనే ఒప్పుకుంది. 2016 జులై 14న అపీళ్ళ కోర్టులో ముగ్గురు జడ్జిలూ ప్రభుత్వానికి వ్యతిరేకంగా తీర్పిచ్చారు. 2018 ఫిబ్రవరి 27న సుప్రీం కోర్టులో వాదనలు జరిగాయి. తీర్పు రాకముందే, మార్చి 23న, రెండు వేల పేజీలు దాటిన బడ్జెట్ బిల్లులో కలిపి క్లౌడ్ చట్టం వచ్చేసింది. డేటా ఎక్కడున్నా, అది కంపెనీ చేతిలో ఉంటే ఇవ్వాల్సిందే. కొన్ని సందర్భాల్లో అభ్యంతరం చెప్పుకోవచ్చు. మైక్రోసాఫ్ట్ కూడా ఆ చట్టాన్ని సమర్థించింది. కొత్త చట్టం కింద కొత్త వారంట్ వచ్చింది. ఏప్రిల్ 17న సుప్రీం కోర్టు, ఇంక తేల్చడానికేం లేదని కేసు మూసేసింది.

నాలుగేళ్ళ పైచిలుకు ఈ వాదనల్లో ఒక మనిషి ఎక్కడా కనపడడు. ఆ మెయిళ్ళు రాసుకున్నవాడు. అతను ఏ దేశస్థుడో, ఎక్కడ ఉంటాడో రికార్డులో లేదని అపీళ్ళ కోర్టే రాసింది. అతని ఉత్తరాల గురించి రెండు ప్రభుత్వాలు, ఒక కంపెనీ మాట్లాడాయి.

నాకు మిగిలిన ముల్లు కూడా ఇదే. ఇవ్వడం తప్పు కాదు. నేరాలు జరుగుతాయి, పట్టుకోవాలి. చెప్పకూడదు అన్న వాక్యమే గుచ్చుకుంటుంది. 2016 ఏప్రిల్‌లో మైక్రోసాఫ్ట్ దాని మీదా దావా వేసింది. పద్దెనిమిది నెలల్లో అలాంటి నోరుమూత ఉత్తర్వులు దాదాపు 2,600 వచ్చాయని, వాటిలో మూడింట రెండొంతులకి పైగా గడువే లేదని లెక్క చెప్పింది. 2017లో న్యాయశాఖ, మామూలుగా ఏడాదికి మించి అడగవద్దని తన లాయర్లకి చెప్పింది. కంపెనీ దావా వెనక్కి తీసుకుంది.

నా దగ్గరికి వచ్చిన కాగితం అంతకు ముందుది. దాని మీద గడువు లేదు. ఆ కంపెనీ వదిలి చాలా కాలమైంది. ఆ ఖాతాదారుకి తరవాతైనా ఎవరైనా చెప్పారో లేదో.

మా పోస్ట్‌మాన్ అయితే పోలీసులకి ఉత్తరం ఇచ్చేసి ఉండేవాడే. మర్నాడు పొద్దున్నే వాళ్ళ అరుగు మీద కూచుని, "నీ ఉత్తరం కోసం వచ్చారమ్మా, చూసుకో" అని కూడా చెప్పి ఉండేవాడు.