సంజ్ఞానాత్మక చికిత్స – మూలసూత్రాలు, పద్ధతులు: కడప జిల్లా నేపథ్యంలో ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం: కౌన్సెలింగ్ రంగంలో నేడు విస్తృతంగా వాడుకలో ఉన్న సంజ్ఞానాత్మక చికిత్స 1960వ దశకంలో అమెరికాలో రూపుదిద్దుకొన్నది. మనిషి బాధకు సంఘటన ఒక్కటే కాక, ఆ సంఘటనకు అతడు ఇచ్చుకొన్న అర్థం కూడా కారణమన్నది దాని మూలసూత్రం. అప్పు, పరువు, పగ ఊహలు కాక అనుభవాలైన ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాలలో ఈ సూత్రాన్ని ఏ మేరకు, ఏ జాగ్రత్తతో అన్వయించవచ్చో ఈ వ్యాసం చర్చిస్తుంది.

కీలకపదాలు: సంజ్ఞానాత్మక చికిత్స, కౌన్సెలింగ్, ఆరన్ బెక్, ఆల్బర్ట్ ఎల్లిస్, కడప జిల్లా, ఫ్యాక్షన్, రుణభారం.

ఉపోద్ఘాతం

పెన్నానది ఒడ్డున ఉన్న జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, వాటికి దక్షిణాన చీనీ, అరటి తోటల నడుమ ఉన్న పులివెందుల – ఈ మూడు పట్టణాల జీవనాధారాలు వేరు. ప్రొద్దుటూరుది బంగారం, బట్టల వ్యాపారం, మగ్గం. జమ్మలమడుగుది మెట్ట సేద్యం. పులివెందులది బోరుబావిని నమ్ముకొన్న తోట. అయితే మనసు కుంగినవారు ఆ సంగతి చెప్పుకొనే తీరులో మాత్రం మూడుచోట్లా ఒక పోలిక ఉన్నది. వారు వైద్యుని వద్దకు గుండెదడ, తలబరువు, నిద్రలేమి అన్న మాటలతో వస్తారు. దిగులు అన్న మాట ఆలస్యంగా వస్తుంది. మనసుకు కూడా వైద్యం ఉన్నదన్న మాట మరింత ఆలస్యంగా వస్తుంది.

లండన్ మిషనరీ సొసైటీ కృషితో జమ్మలమడుగులో వెలసిన క్యాంబెల్ ఆసుపత్రి వంటి సంస్థల వలన ఆధునిక శరీరవైద్యం ఈ ప్రాంతానికి చాలా ముందుగానే చేరింది. మానసిక వైద్యం మాత్రం చిరకాలం దూరప్రాంతాల వ్యవహారంగానే మిగిలింది. మద్రాసు, విశాఖపట్నం, హైదరాబాదు, తరువాత బెంగళూరు – రోగిని తీసుకొని పోవలసిన ఊళ్లు ఇవే. అక్కడికి వెళ్లడమంటే ‘పిచ్చి’ అన్న ముద్రను ఒప్పుకోవడమే. మాటల ద్వారా చేసే చికిత్సకు ఈ నేలలో చరిత్ర తక్కువ కావడానికి ఇది ముఖ్యకారణం.

మనోవిశ్లేషణ నుండి ఆలోచనల పరిశీలనకు

ఆరన్ బెక్ (1921–2021) పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో పనిచేసిన మనోవైద్యుడు. మొదట మనోవిశ్లేషకునిగానే శిక్షణ పొందాడు. తనలోకి మళ్లిన కోపమే కుంగుబాటు అన్న ఫ్రాయిడ్ సంప్రదాయ సిద్ధాంతాన్ని శాస్త్రీయంగా రుజువు చేయాలన్న ఉద్దేశంతో కుంగుబాటు రోగుల కలలను పరిశీలించాడు. వాటిలో కోపం కంటే ఓటమి, నష్టం, తిరస్కారం ప్రధానంగా కనిపించాయి. సిద్ధాంతాన్ని నిలబెట్టబోయి దానిని వదులుకోవలసి వచ్చిన అరుదైన సందర్భమిది. రోగులు పైకి చెప్పే మాటల వెనుక మరొక ఆలోచనాధార నడుస్తున్నదనీ, అందులో తమను తాము నిందించుకొనే వాక్యాలు చకచకా దొర్లిపోతున్నాయనీ ఆయన గమనించాడు. వాటికి స్వయంచాలక ఆలోచనలు అని పేరు పెట్టాడు. 1961లో ఆయన సహచరులతో కలిసి కుంగుబాటు తీవ్రతను కొలిచే ప్రశ్నావళిని ప్రకటించాడు. 1963, 1964లలో వెలువడిన రెండు పరిశోధన పత్రాలతో ఈ చికిత్సకు సైద్ధాంతిక పునాది పడింది. 1979లో రష్, షా, ఎమరీలతో కలిసి రచించిన గ్రంథం చికిత్సకులకు కరదీపిక అయింది.

ఆల్బర్ట్ ఎల్లిస్ (1913–2007) ఇంతకు ముందే, 1950వ దశకం మధ్యలో, హేతుబద్ధ చికిత్సను ప్రతిపాదించాడు. సంఘటన, విశ్వాసం, పర్యవసానం అన్న మూడు మెట్ల నమూనా ఆయనదే. ఎల్లిస్ రోగితో వాదిస్తాడు. బెక్ రోగిని ప్రశ్నిస్తాడు. ఈ తేడా స్వభావానికి సంబంధించినదిగా కనిపించినా నిజానికి పద్ధతికి సంబంధించినది. వయసుకూ హోదాకూ తలవంచే సమాజంలో కౌన్సెలర్ వాదిస్తే ఎదుటి వ్యక్తి ‘అవును సార్’ అని ఊరుకుంటాడు. ఆ అంగీకారానికి చికిత్సాపరంగా విలువ లేదు.

ఇద్దరూ స్టోయిక్ తత్త్వవేత్తల ఋణాన్ని అంగీకరించారు. మనుషులను కలవరపెట్టేది వస్తువులు కాదు, వాటిపై ఏర్పరచుకొన్న అభిప్రాయాలే అన్న ఎపిక్టెటస్ భావనకు భారతీయ సంప్రదాయంలోనూ దగ్గరి చుట్టాలు ఉన్నాయి. బాధించే తలపుకు ఎదురుగా మరొక తలపును నిలపమనే పతంజలి ప్రతిపక్షభావన వాటిలో ఒకటి. ఈ పోలికను ఆసరాగా తీసుకొని కడప సీమకు ఆత్మీయుడైన వేమనను తొలి సంజ్ఞానాత్మక చికిత్సకునిగా చూపాలన్న ఉత్సాహం కలగవచ్చు. అది చారిత్రకంగా నిలవదు. వేమన ప్రశ్నించినది సమాజపు ఆచారాలను, వేషాలను. వ్యక్తి కుంగుబాటును కాదు. అయినా, నమ్మకాన్ని నిలదీసి అడగడం తప్పు కాదన్న సంస్కారం ఈ భాషలో ముందే ఉన్నదని చెప్పడానికి ఆయన చాలు.

మూలసూత్రాలు

బెక్ నమూనాలో ఆలోచనలు మూడు పొరలుగా ఉంటాయి. పైపొరలో స్వయంచాలక ఆలోచనలు, వాటి కింద ‘ఇలా ఉంటేనే గౌరవం’ వంటి నియమాలు, అడుగున ‘నేను చేతగానివాణ్ణి’ వంటి మూలవిశ్వాసాలు. కుంగినవాడు తనను, తన లోకాన్ని, తన భవిష్యత్తును – ఈ మూడింటినీ ఒకే చీకటిలో చూస్తాడు. అన్నీ లేదా ఏమీ లేదు అన్న ధోరణి, ఒక్క అనుభవం నుండి మొత్తం జీవితానికి తీర్పు చెప్పడం, ఎదుటివాని మనసు తనకు తెలుసనుకోవడం, చిన్నదాన్ని ప్రళయంగా ఊహించడం – ఇవి ఆ చీకటిని నిలబెట్టే వక్రీకరణలు.

తరచుగా మరుగున పడే సూత్రం మరొకటి ఉన్నది. చికిత్సకుడు, చికిత్స పొందే వ్యక్తి ఇద్దరూ కలిసి ఆలోచనను ఒక ఊహగా భావించి, సాక్ష్యాలతో పరీక్షిస్తారు. దీనిని సహకార అనుభవవాదం అంటారు. పరీక్ష అన్నప్పుడు ఫలితం ముందుగా తెలియదు. ఆలోచన తప్పని తేలవచ్చు, నిజమనీ తేలవచ్చు. ‘అంతా మంచే జరుగుతుందనుకో’ అని ఓదార్చే సానుకూల దృక్పథ బోధలకూ దీనికీ ఉన్న తేడా ఇక్కడే ఉన్నది. కళాశాలల్లో జరిగే వ్యక్తిత్వ వికాస ఉపన్యాసాలు ఈ తేడాను చెరిపివేస్తున్నాయి.

పద్ధతులు

ఇంటర్మీడియట్ ఫలితాలు వెలువడిన రోజున ప్రొద్దుటూరు విద్యార్థి ఒకడు ఇలా అనుకొన్నాడని ఊహించవచ్చు: ‘లెక్కల్లో తప్పినాను. ఇంక నా బతుకు అయిపోయింది. మా నాయన చేసిన అప్పంతా మట్టిపాలైంది. ఆయనకు మొగం ఎట్ల చూపియ్యాల?’ కౌన్సెలర్ మొదటి పని ఈ వాక్యాలను విడదీయడం. మొదటిది వాస్తవం. రెండవది జోస్యం. మూడవది సగం వాస్తవం, సగం తీర్పు. నాలుగవది ప్రశ్నలా కనిపించే నియమం: తప్పినవాడికి ఇంట్లో చోటు లేదన్న నియమం. ‘నీ పక్కన కూర్చునే స్నేహితుడు తప్పి ఉంటే వానితో ఏమని చెప్పేవాడివి?’, ‘సప్లిమెంటరీ పరీక్ష రాసి గట్టెక్కినవాళ్లు మీ వీధిలో ఎవరైనా ఉన్నారా?’ వంటి ప్రశ్నలు రెండవ వాక్యాన్ని పరీక్షకు పెడతాయి. వీటినే సోక్రటీసు ప్రశ్నలు అంటారు. సమాధానం విద్యార్థి నోటనే రావాలి. నాలుగవ వాక్యాన్ని మాటలతో తేల్చలేము. తండ్రితో మాట్లాడి చూడడమే దానికి పరీక్ష. అవసరమైతే కౌన్సెలర్ ఆ సంభాషణలో పక్కన ఉండాలి. దీనిని ప్రవర్తనా ప్రయోగం అంటారు. చావు తలపు ఉన్నదేమోనన్న అనుమానం కలిగితే ఈ వరుస అంతా పక్కకు పోతుంది. నేరుగా అడగడం, ఒంటరిగా వదలకపోవడం, వైద్యునికి చేర్చడం ముందు జరగాలి. 2022 అక్టోబరులో ప్రారంభమైన టెలి మానస్ 14416 సంఖ్యకు తెలుగులోనే మాట్లాడవచ్చు.

కుంగుబాటు లోతుగా ఉన్నవారికి ప్రశ్నల కంటే పని ముందు. ఉదయం లేచి మగ్గం వంక చూడలేని నేతకార్మికునికి చీర నేయమని చెప్పడం క్రూరత్వం. పది నిమిషాలు కండెలు చుట్టడం, ఆపై ఆ పది నిమిషాలలో మనసు ఎలా ఉన్నదో గుర్తుపెట్టుకొని చెప్పడం – ఇది చేయదగిన పని. పనులను ముక్కలు చేసి, వాటితో కలిగిన తృప్తిని అంకెలలో నమోదు చేయడం బెక్ పద్ధతిలో మొదటినుండీ ఉన్నది. 1996లో నీల్ జేకబ్సన్ బృందం ఈ ప్రవర్తనాభాగాన్ని విడిగా పరీక్షించగా, అది సంపూర్ణ చికిత్సకు దీటుగా పనిచేసినట్లు తేలింది. ఆలోచనలను మార్చడమే కీలకమన్న సిద్ధాంతానికి ఇది ఇబ్బందికరమైన ఫలితం. నిపుణులు అరుదైన ప్రాంతాలకు మాత్రం మేలైన వార్త.

బాధ్యతను వాటాలు వేయడం మరొక పద్ధతి. తోట ఎండిన పులివెందుల రైతు ‘నా చేతగానితనం’ అన్నప్పుడు భూగర్భజలం, వాన, ధర, విత్తనం, వడ్డీ, తన నిర్ణయం – వీటన్నిటికీ వాటాలు కట్టమనాలి. తన వాటా సున్నా కాకపోవచ్చు. నూరు మాత్రం కాదు. అన్నదమ్ముల భాగపరిష్కారాలు చూసిన రైతుకు ఈ లెక్క విడమరచి చెప్పనక్కరలేదు.

ఆలోచన నిజమైనప్పుడు

ఈ చికిత్సకు అసలు కష్టం ఇక్కడ మొదలవుతుంది. ‘అప్పులవాడు రేపు ఇంటిమీదికి వస్తాడు’ అన్న ఆలోచన వక్రీకరణ కాదు. కేతు విశ్వనాథరెడ్డి తన కథాసంపుటికి ‘జప్తు’ అని పేరు పెట్టడం ఈ నేలలో ఆశ్చర్యం కలిగించే విషయం కాదు. అటువంటి ఆలోచనను సాక్ష్యాలతో పరీక్షిస్తే నిజమనే తేలుతుంది. అప్పుడు పద్ధతి మారాలి. సమస్యా పరిష్కారం – అంటే అప్పుల పట్టిక, ఎవరితో మాట్లాడాలి, ఏ గడువు అడగాలి – చికిత్సలో భాగం కావాలి. పరీక్షించవలసినది ఆ వాక్యం తరువాత వచ్చే ‘కనుక నేను బతికి లాభం లేదు’ అన్న భాగాన్ని. రెండింటినీ కలగలిపి మొత్తాన్ని ‘తప్పుడు ఆలోచన’ అన్న కౌన్సెలర్ ఆ మనిషి విశ్వాసాన్ని మొదటి రోజే కోల్పోతాడు. కోల్పోవడం న్యాయం కూడా.

పగ విషయంలో సంక్లిష్టత మరింత ఎక్కువ. జమ్మలమడుగు, పులివెందుల పేర్లు ఫ్యాక్షన్ చర్చలలో తరచు వినిపిస్తాయి. దానిని పాలెగార్ల కాలపు అవశేషంగా మాత్రమే చూసే వాదన ఉన్నది. గ్రామాధిపత్యం, కాంట్రాక్టులు, ఖనిజసంపద, ఎన్నికల రాజకీయాలతో ముడిపడిన ఆధునిక వ్యవస్థగా చూసినవారిలో కె. బాలగోపాల్ ముఖ్యుడు. బెక్ ఈ సీమను ఎరుగడు. అయినా 1999లో ద్వేషానికి బందీలైనవారిపై ఆయన రాసిన గ్రంథం ఇక్కడ పనికివస్తుంది. కుంగుబాటులో కనిపించే వక్రీకరణలే పగలోనూ పనిచేస్తాయనీ, దాడి చేసేవాడు తననే బాధితునిగా భావిస్తాడనీ, ఎదుటివాడు మనిషి కాక శత్రువు అన్న బొమ్మగా మారుతాడనీ ఆయన ప్రతిపాదన. రచ్చబండ దగ్గర ఎవరో గొంతు సవరించుకొంటే ‘నన్ను చూసే’ అనుకోవడం మనసు చదివే వక్రీకరణకు సరైన ఉదాహరణ. అయితే తండ్రిని పోగొట్టుకొన్న యువకుడు చీకటిపడ్డాక గడప దాటకపోవడం వక్రీకరణ అనలేము. అది జాగ్రత్త. ఈ రెండింటినీ వేరుచేయడానికి ఊరి చరిత్ర తెలియాలి, పాఠ్యగ్రంథం చాలదు.

బెక్ వాదానికి పరిమితి కూడా ఇదే. వ్యక్తి ఆలోచన మారినంత మాత్రాన కాంట్రాక్టులు, భూముల చుట్టూ అల్లుకొన్న బలాబలాలు మారవు. పగ నుండి తప్పుకోవాలనుకొన్న ఒక్కడు తనవారి దృష్టిలో పిరికివాడవుతాడు. ఆ ఖర్చును లెక్కలోకి తీసుకోని కౌన్సెలింగ్ అతనికి ప్రమాదకరం.

చికిత్సను ఎవరు అందించాలి?

1977లో రష్, బెక్, కొవాక్స్, హోలన్ 41 మంది రోగులపై ప్రచురించిన అధ్యయనంలో ఈ చికిత్స ఇమిప్రమిన్ మందు కంటే మెరుగైన ఫలితమిచ్చింది. 1989లో అమెరికా జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ ఆధ్వర్యంలో వెలువడిన పెద్ద అధ్యయనం తీవ్రమైన కుంగుబాటులో మందుదే పైచేయిగా చూపింది. కనుక మందు అవసరమైనవారిని గుర్తించి పంపడం కౌన్సెలర్ కర్తవ్యం.

దక్షిణాసియా అనుభవం వేరొక దారి చూపింది. 2008లో అతీఫ్ రహ్మాన్ బృందం లాన్సెట్‌లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, పాకిస్థాన్‌లోని రావల్పిండి పల్లెలలో మహిళా ఆరోగ్య కార్యకర్తలే సంజ్ఞానాత్మక పద్ధతులతో బాలింతలను ఆదుకొన్నారు. ఆరునెలలకు చికిత్స అందినవారిలో 23 శాతం, అందనివారిలో 53 శాతం కుంగుబాటులో ఉన్నారు. 2017లో విక్రమ్ పటేల్ బృందం గోవాలో సాధారణ కార్యకర్తల ద్వారా ప్రవర్తనా పద్ధతిని విజయవంతంగా పరీక్షించింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమానికి మెదక్ తొలి జిల్లా అయింది. మానసిక ఆరోగ్య సేవను హక్కుగా గుర్తించిన చట్టం 2017లో వచ్చింది. ఈ మూడు పట్టణాలలోని ఆశా కార్యకర్తలు, అధ్యాపకులు శిక్షణ, పర్యవేక్షణ పొందితే మొదటి మెట్టు సేవ అందించగలరు. పర్యవేక్షణ లేని శిక్షణ మాత్రం ఉపన్యాసంగా మిగిలిపోతుంది.

అనువర్తనలో ఒక చిన్న వస్తువు పెద్ద సమస్య కాగలదు. అది ఆలోచనల నమోదు పత్రం. పాశ్చాత్య పద్ధతిలో ప్రతి వ్యక్తి రోజూ తన ఆలోచనను, దాని తీవ్రతను కాగితంపై రాసుకోవాలి. మగ్గం ముందు కూర్చునే స్త్రీకి చదువు రాకపోవచ్చు. కూతురిచేత రాయిస్తే రహస్యం నిలవదు. పగలున్న ఊరిలో ‘ఫలానావాడు నన్ను బతకనివ్వడు’ అని రాసిన కాగితం ఇంట్లో దొరికితే అది చికిత్సాపత్రంగా మిగలదు. పోలీసు స్టేషన్‌కో, ఎదుటి వర్గానికో చేరుతుంది. రావల్పిండిలో బొమ్మలను వాడారు. బెక్ బృందం కూడా కొందరు రోగులకు కాగితానికి బదులు మణికట్టుకు కట్టుకొనే లెక్కింపు యంత్రాన్ని ఇచ్చి, ఆ తలపు వచ్చినప్పుడల్లా నొక్కమన్నది. ఆ పనికి ఇక్కడ ఒక గిన్నె, గుప్పెడు చింతపిక్కలు సరిపోతాయి. తలపు వచ్చినప్పుడల్లా ఒక పిక్క గిన్నెలో వేసి, వారం చివర ఆ లెక్కను నోటిమాటగా కౌన్సెలర్‌కు చెప్పవచ్చు. ఆ పిక్కల అర్థం వేసినవారికి తప్ప మరెవరికీ తెలియదు.