పులస – ఆనకట్ట

పుస్తెలమ్మియైనను పులస తినవలెనను సామెత ఆత్రేయపురము వారికి క్రొత్త కాదు. సముద్రమున ఇలసయనబడు నీ చేప, వానకాలమున ఎఱ్ఱనీరు దిగగానే గ్రుడ్లు పెట్టుటకై గోదావరి కెదురీది వచ్చి పులసయగును.

ఆర్థర్ కాటన్ 1847లో ధవళేశ్వరమున ఆనకట్ట నారంభించి 1852 నాటికి ముగించెను. బొబ్బర్లంకనుండి కాలువ పాఱి మన సీమ మాగాణియయ్యెను. ఆ మేలు నెవ్వరు కాదనగలరు? కాని వరికి నీరిచ్చిన గోడయే చేప త్రోవకు అడ్డమయ్యెను. చేపలకు దారి విడువని ఆనకట్టల వలని నష్టమును ఫ్రాన్సిస్ డే 1873 నాటి తన నివేదికలోనే దొరతనమువారికి తెలిపెను. 1982లో పూర్తియైన బ్యారేజియు పులస కడ్డుగోడయే.

ధర పెరిగిన జాలరికి లాభమే కదా యని కొందరందురు. వేలు పలుకు చేప వలలో పడని దినములను వారు లెక్కింపరు. పైగా పులసకు గిరాకి హెచ్చునది అది గ్రుడ్లతో వచ్చునపుడే. ఒక్క తల్లిచేప కడుపున లక్షల గ్రుడ్లుండును. మనకడ ఏప్రిల్ 15 మొదలు 61 దినములు సముద్రపు వేట నిషిద్ధమైనను, పులస నదికెక్కు దినములవి కావు.

బంగ్లాదేశమున గ్రుడ్లు పెట్టు కాలమున 22 దినములు వేట మాన్పించి, పిల్లచేపలను పట్టనీయక, జాలరి కుటుంబములకు బియ్యమిచ్చుచున్నారు. 2002-03లో సుమారు 2 లక్షల టన్నులుగా నున్న పట్టుబడి 2017-18లో 5 లక్షలు దాటెను. అంతయు నిషేధఫలమే యనజాలము. ఆ బియ్యము చాలదని అచ్చటి జాలరులు మొఱపెట్టుచునే యున్నారు. మన డెల్టాలో బియ్యమునకు కొదువ లేదు. దాని నెవరీయవలెనో తేలకముందే వల విడువుమని జాలరితో ననుట న్యాయము కాదని నా తలంపు.