కదలిక ఎంత కావాలి? విరిగిన ఎముక, తెగిన టెండన్

మూలం: నెత్తురుగడ్డను కాపాడి, ఎముకను బిగించీ బిగించనట్టు నిలిపి, కాలస్ కనబడ్డాక బరువు మోపించాలి, తెగిన టెండన్‌ను గట్టిగా కుట్టి, తొందరగా కదిలించాలి.

ఎముకల వైద్యంలో గత డెబ్భై ఏళ్ల పరిశోధనను కుదిస్తే ఈ వాక్యం వస్తుంది. దీనికి ప్రాణం కదలికే. అది ఎప్పుడు, ఎంత అన్నదాని మీదే వాదాలన్నీ నడిచాయి.

నెత్తురుగడ్డ: ఎముక విరగ్గానే లోపలి రక్తనాళాలు తెగి, విరిగినచోట రక్తం గడ్డకడుతుంది. ఎముకను కట్టే కణాలను రప్పించే రసాయన సంకేతాలు అందులోనే ఉంటాయి. జంతువుల్లో ఆ గడ్డను తీసేసి చూస్తే అతుకు బలహీనపడింది. తొడ ఎముక విరిగినప్పుడు విరిగినచోట కోయకుండా, దూరంగా చిన్న గాటు పెట్టి, ఎక్స్‌రే తెర మీద చూస్తూ రాడ్డు దించడానికి ఇదొక కారణం.

బిగించీ బిగించనట్టు: ఈ మాట దగ్గర ఆగాలి. నెలల తరబడి పిండికట్టులో పడుకోబెడితే ఎముక అతుక్కునేది, కీళ్లు మాత్రం బిగుసుకుపోయేవి, కండ కరిగిపోయేది. దీన్ని సహించలేక 1958లో స్విట్జర్లాండ్‌లోని బీల్ పట్టణంలో మారిస్ ముల్లర్, ఆయన తోటి సర్జన్లు ఏఓ అనే బృందాన్ని స్థాపించారు. ఎముకను ప్లేటుతో ఏమాత్రం కదలకుండా బిగించి, కీళ్లను వెంటనే ఆడించాలన్నది వాళ్ల మాట. కీళ్ల విషయంలో వాళ్లు ముమ్మాటికీ నిజం చెప్పారు. ఎముక విషయంలో అది సగం నిజమే. ప్లేటు కోసం చుట్టూ కండను విప్పేస్తే ఎముకకు రక్తం తగ్గుతుంది. అతుకు ఆలస్యమవుతుంది, చీము పట్టే ప్రమాదమూ పెరుగుతుంది.

మిగతా సగాన్ని లెక్క కట్టి చూపినవాడు అదే సంప్రదాయంలో పెరిగిన స్టీఫన్ పెరెన్. రెండు ముక్కల మధ్య ఖాళీ ఎంత, అందులో కదలిక ఎంత, ఈ రెంటి నిష్పత్తే కీలకమన్నాడు. గట్టి ఎముక తట్టుకునే సాగుడు సుమారు 2 శాతం, మృదులాస్థిది 10 శాతం, గాయంలో మొదట పుట్టే లేత కణజాలానిది 100 శాతం. ఖాళీ 1 మిల్లీమీటరు, కదలిక కూడా 1 మిల్లీమీటరు అయితే సాగుడు నూటికి నూరు. అక్కడ ఎముక పుట్టదు. అదే కదలిక 10 మిల్లీమీటర్ల ఖాళీలో పరుచుకుంటే సాగుడు 10 శాతమే. అక్కడ మృదులాస్థి పుట్టి, ఆ చోటును బిగించి, ఎముకకు దారి ఇస్తుంది. అందుకే రెండే ముక్కలుగా విరిగి ప్లేటు పడిన ఎముకను నొక్కి బిగిస్తారు, నుజ్జయిన ఎముకను మాత్రం పైనుంచి వంతెనలా కలిపి వదిలేస్తారు. ఎముకల శాస్త్రంలో ఇంతకన్నా అందమైన లెక్క నాకు తెలియదు. 1985లో బ్రిటన్‌లో గుడ్‌షిప్, కెన్‌రైట్ గొర్రెల కాలి ఎముకల మీద ప్రయోగం చేశారు. రోజూ కాసేపు 1 మిల్లీమీటరు మేర కదిలించిన ఎముకలు, పూర్తిగా బిగించినవాటికన్నా బాగా అతుక్కున్నాయి.

మన దగ్గర పుత్తూరు కట్టు పేరు వినని ఇల్లు తక్కువ. వెదురుబద్దలతో వేసే ఆ కట్టులో కొంత కదలిక మిగులుతుంది కాబట్టి, ముక్కలు పక్కకు జరగని విరుపులు అందులో అతుక్కోవడం వింతేమీ కాదు. కీలులోకి పాకినవి, చర్మం చీల్చుకు వచ్చినవి దానికి లొంగవు. కట్టు ఎవరు వేసినా, అది ఆసుపత్రి పిండికట్టైనా సరే, అసలు ప్రమాదం బిగువులో ఉంది. నొప్పి గంటగంటకూ పెరుగుతున్నా, వేళ్లు తిమ్మిరెక్కినా, నల్లబడినా తెల్లారేదాకా ఆగకూడదు. ఆ రాత్రే ఆసుపత్రికి వెళ్లి కట్టు విప్పించాలి. లోపల రక్తం ఆడక కండరం చచ్చిపోవడానికి కొన్ని గంటలు చాలు.

కాలస్: విరిగినచోట మొదట మృదులాస్థిగా పుట్టి, సున్నం పట్టి, ఎముకగా మారే కట్టడం. ఎక్స్‌రేలో ముక్కల చుట్టూ తెల్లటి ఉబ్బులా కనిపిస్తుంది. పొగతాగేవారిలో ఇది ఆలస్యమవుతుంది; మానేయమని డాక్టరు చెప్పేది మందలింపు కాదు, చికిత్స. కాలస్‌ను తొందరపెట్టే యంత్రాలూ బజారులోకి వచ్చాయి. మోకాలి కింది ఎముక విరిగి రాడ్డు వేయించుకున్న 501 మంది మీద అల్ట్రాసౌండ్ యంత్రాన్ని పరీక్షించి, 2016లో ఫలితాలు ప్రచురించారు. పనిచేయని నకిలీ యంత్రం కన్నా అది ఏమీ ఎక్కువ మేలు చేయలేదు.

బరువు: మోసే భారాన్ని బట్టి ఎముక తన నిర్మాణం మార్చుకుంటుందని జర్మన్ సర్జన్ జూలియస్ వోల్ఫ్ 1892లోనే రాశాడు. అగస్టో సార్మియెంటో 1967లో మోకాలి కిందివరకే ఉండే కట్టుతో, కాలు విరిగినవారిని నడిపించి చూపాడు. కీలు ఉపరితలం పగిలినవారికి మాత్రం ఈ తొందర పనికిరాదు.

టెండన్: కండరాన్ని ఎముకకు కలిపే తాడు. ఎముక మళ్లీ ఎముకగానే అతుక్కుంటుంది. టెండన్‌కు ఆ భాగ్యం లేదు. దాని అతుకు మచ్చగానే మిగులుతుంది, పాత అమరిక పూర్తిగా తిరిగిరాదు.

కుట్టి: అరచేతి మడత నుంచి వేలి మధ్య ఎముక వరకు, వేలిని ముడిచే టెండన్లు ఇరుకు గొట్టంలో జారుతుంటాయి. అక్కడ తెగితే వెంటనే కుట్టొద్దనేవారు. కుట్టినచోట గొట్టానికి అంటుకుపోయేది. 1967లో అమెరికాలోని లూయివిల్‌కు చెందిన హెరాల్డ్ క్లైనర్ట్, వెంటనే కుట్టి, వేలికి రబ్బరు బ్యాండు కట్టి ఆడించిన ఫలితాలు చూపాడు. ఇప్పుడు నాలుగు, ఆరు పోగుల కుట్లు వేస్తున్నారు. మనిషి మెలకువగా ఉండగా చేతికే మత్తిచ్చి, బల్ల మీదే వేలు ముడవమని, అతుకు విడుతోందేమో చూసుకునే సర్జన్లూ ఉన్నారు.

కుట్టాలన్నదానికి మినహాయింపు మడమ వెనక ఉండే అకిలీస్ టెండన్. కెనడాలో 144 మందిలో సగం మందికి ఆపరేషన్ చేశారు, సగం మందికి చేయలేదు; అందరినీ త్వరగా కదిలించారు. 2010లో వచ్చిన ఫలితాల్లో, మళ్లీ తెగింది ఆపరేషన్ అయినవారిలో ఇద్దరికి, కానివారిలో ముగ్గురికి.

కదిలించాలి: 1980లలో గెల్బర్‌మన్ కుక్కల మీద చేసిన ప్రయోగాల్లో, త్వరగా కదిలించిన టెండన్లు కట్టులో ఉంచినవాటికన్నా బలంగా అతికాయి, మెరుగ్గా జారాయి. అయినా మొదటి వారాల్లో కుట్టు బలమే బలం. అందుకని వేలు ముడవడం, చాచడం ఫిజియోథెరపిస్టు చెప్పినంతే చేయాలి. దాదాపు 12 వారాల దాకా ఆ చేత్తో నీళ్ల బిందె ఎత్తకూడదు.