సీతాఫలం ఆకు, బూజు మందు

ఫిల్మ్‌నగర్‌లో మా డాబా ఎక్కితే గోల్కొండ కోట కనిపిస్తుంది. ఇరుగుపొరుగంతా సినిమావాళ్లు. నేనొక్కణ్నే రిటైరైన పశువుల డాక్టర్ని. వాళ్లు ఆ కోటను చూసి నవాబుల కథలు చెప్పుకుంటారు, నాకేమో ఎద్దులు గుర్తొస్తాయి.

వజ్రాల బేరానికి 17వ శతాబ్దంలో గోల్కొండ వచ్చిన ఫ్రెంచి వర్తకుడు తవెర్నియే, మన దేశంలో పది పన్నెండు వేల ఎద్దులు ధాన్యం, ఉప్పు మోసుకుంటూ ఒకే బిడారుగా సాగడం చూసి అబ్బురపడి రాసుకున్నాడు. ఆ బిడారులు లంబాడీలవి, అంటే బంజారాలవి. మా పక్క గుట్టలకు బంజారాహిల్స్ అని పేరొచ్చింది వాళ్ల వల్లనే. పన్నెండు వేల ఎద్దులంటే నలభై ఎనిమిది వేల కాళ్లు! వాటిలో ఏ గిట్ట చీలినా, బరువు రాసుకుని ఏ వీపు పుండుపడినా దారి పక్క చెట్టూ చేమే దిక్కు. 1874లో వాడి నుంచి సికింద్రాబాదుకు రైలు పడ్డాక ఆ బరువు పెట్టెల్లోకి ఎక్కింది. ఎద్దులు పోయినా ఆకుల సంగతి మనుషుల్లో మిగిలింది.

అది నాకు తెలిసింది 1980లలో. అప్పటికి జూబ్లీహిల్స్‌లో బంగళాల కన్నా బండరాళ్లే ఎక్కువ. ఒక షూటింగుకు తెచ్చిన బండెద్దు కుంటుతోందని కబురొస్తే వెళ్లాను. గాలికుంటు వచ్చి తగ్గింది గానీ గిట్టల సందులో పుండు మానలేదు, పురుగులు పడ్డాయి. పురుగులకు వాడే టర్పెంటైన్ సీసా నా సంచిలో ఖాళీ. పక్కన రాళ్లు కొడుతున్న లంబాడీ అవ్వ లేచొచ్చి, రాళ్ల సందులోని సీతాఫలం చెట్టు నుంచి గుప్పెడు ఆకు తెంపింది.

“గీ ఆకు నూరి కట్టు సారూ, పురుగులన్నీ ఎల్లిపోతయ్.”

వేరే దారి లేక ఒప్పుకున్నాను, నమ్మి కాదు. మర్నాడు కట్టు విప్పితే పురుగులు చచ్చి రాలాయి. “తాతల నాటి మందా అవ్వా?” అనడిగితే “గంతకు ముందుది” అంది.

ఇక్కడే నాకు తమాషా అనిపిస్తుంది. సీత పేరు పెట్టుకున్నా ఆ చెట్టు పుట్టిల్లు అమెరికా ఖండమని వృక్షశాస్త్రజ్ఞులు చెబుతారు. మన పల్లెల్లో పేలకు, గోమార్లకు వాడే పొగాకూ అక్కడిదే. ఎప్పుడో ఎవరో కొత్త ఆకును పుండు మీద పెట్టి చూసి ఉంటారు, పనిచేసినందుకే అది తాతల నాటిదైపోయింది. చెట్టులోని అసిటోజెనిన్లనే రసాయనాలు పురుగు కణాల్లో శక్తి పుట్టకుండా అడ్డుకుంటాయని తర్వాత పుస్తకాల్లో చదివాను. గింజల పొడి జోలికి మాత్రం పోకూడదు, కంట్లో పడితే చూపుకే చేటు. గాలికుంటు వైరస్‌ను ఈ ఆకు ఆపదు, దానికి టీకాయే.

అవ్వ వైద్యాన్ని చూసి ఆ రోజు లోపల నవ్వుకున్న నా సంచిలో ఉన్నదేమిటి? పెన్సిలిన్. 1928లో ఫ్లెమింగ్ పళ్లెంలో పెరిగిన బూజు నుంచి వచ్చిన మందు! పొదుగువాపుకు దాన్ని ఎన్ని వందల గేదెలకు వాడానో లెక్కలేదు. వాడిన ప్రతిసారీ కొన్ని రోజులు పాలు పారబోయమని చెప్పేవాణ్ని. ఎంతమంది పారబోశారో అడగొద్దు.

ఆ మందుల అవశేషాలు పాలలో తేలుతున్నాయనే ఇప్పుడు జాతీయ పాడి అభివృద్ధి బోర్డు (ఎన్‌డీడీబీ) పొదుగువాపుకు 250 గ్రాముల కలబంద, 50 గ్రాముల పసుపు, 15 గ్రాముల సున్నం కలిపి నూరి పూయమంటోంది. గాలికుంటు పుండుకు కుప్పింటాకు, వేపాకు, వెల్లుల్లి, పసుపు నూనెలో కాచి రాయమంటుంది. బోర్డు వాళ్ల ఆ సూచనల కాగితంలో, పురుగులు పడితే ముందు సీతాఫలం ఆకు ముద్ద పెట్టమన్న ముక్క చదివి కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాను.

వానలు వెనకబట్టాక మా రోడ్డు మలుపులో సీతాఫలాల గంపలు దిగుతాయి. పళ్ల కింద పరిచేది ఆ ఆకే. మొన్న ఒకామెను నాలుగాకులు ఇమ్మన్నాను.

“పండ్లు కొనకుండ ఆకులేంది సారూ?” అంది.

డజను పళ్లు కొన్నాను.