సస్పెన్షన్ లేని బండి

కొత్తగూడెం నుంచి పాల్వంచ మీదుగా భద్రాచలం దాకా అడవి, మలుపులు, బొగ్గు లారీలు. ఈ రోడ్డు మీద రేసు సరదా తీర్చుకునేవాణ్ణి నేను డ్రైవరనను. నా సరదాకు హైదరాబాద్ వెళ్లి కార్ట్ ఎక్కుతాను.

1956లో కాలిఫోర్నియాలో రేసు కార్లు కట్టే ఆర్ట్ ఇంగెల్స్, గడ్డి కోసే యంత్రపు ఇంజిన్‌ను గొట్టాల చట్రానికి బిగించి తొలి కార్ట్ చేశాడు. సస్పెన్షన్ లేదు, డిఫరెన్షియల్ లేదు. వెనక చక్రాలు రెండూ ఒకే ఇరుసుకు బిగిసి ఉంటాయి. మలుపులో లోపలి వెనక చక్రం కాస్త పైకి లేవాలి, లేకుంటే బండి మొండికేస్తుంది. కప్పు కింద నున్నటి నేల మీద స్టీరింగ్ అతిగా తిప్పారా, వేగం అక్కడే చచ్చిపోతుంది. ఎడమ కాలితో బ్రేక్ నొక్కడం నాకు అబ్బింది ఈ బండి మీదే.

మద్రాసు పాతతరం రేసర్లు మాత్రం కార్ట్ మెట్టు ఎక్కకుండా నేరుగా ఊరి దగ్గరి షోలవరంలో, యుద్ధకాలపు రన్‌వే మీద కార్లతోనే తలపడ్డారు. ఆ తరానికి ఎంత గుండె ధైర్యమో! 1990లో శ్రీపెరంబుదూరు దగ్గర ఇరుంగట్టుకోటై ట్రాక్ వచ్చింది. కోయంబత్తూరు మిల్లుల కుటుంబానికి చెందిన కరివర్ధన్ మారుతి ఇంజిన్‌తో చవకైన రేసు కార్లు కట్టించాడు. అవి నడిపిన కుర్రాళ్లలో ఒకడైన నరైన్ కార్తికేయన్ 2005లో ఫార్ములా వన్‌కెక్కాడు.

2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ విద్యుత్ కార్ల రేసు గెలిచిన జాన్ ఎరిక్ వెర్న్ కూడా కార్టుల్లోంచి వచ్చినవాడే. అయితే గేర్లు మార్చడం, బ్రేకేసినప్పుడు కారు ముక్కు దిగడం కిరాయి కార్ట్ నేర్పదు. వాటికి కోయంబత్తూరు లాంటి చోట రేసు కారు ఎక్కాల్సిందే.